అశ్వహృదయము చాలదు

నలచక్రవర్తి అశ్వహృదయ మెఱిగినవాడు. బాహుకుడను పేర ఋతుపర్ణుని కొలువున నున్న కాలమున, ఆ రాజు చూచి సందేహించిన బక్క గుఱ్ఱములనే ఏరి కట్టి, అయోధ్యనుండి విదర్భకు ఒక్క పగటిలో రథము నడపిన నేర్పరి. ఏ గుఱ్ఱమును ఏరుకొనవలయునో అతనికంటె నెక్కుడుగా తెలిసినవాడు మన కథలలో లేడు. అట్టివాడు జూదమున రాజ్యమును పోగొట్టుకొని, కట్టుబట్టలతో, భార్యను వెంటబెట్టుకొని అడవి పట్టెను. పోయిన రాజ్యము మరల చేతికి వచ్చినది గుఱ్ఱపు విద్యచేత గాదు. దారిలో తాండ్రచెట్టు క్రింద ఋతుపర్ణు డుపదేశించిన లెక్కల విద్యచేత. ఈ కథ మన పిల్లలకును తెలిసినదే. గుఱ్ఱపు పందెములకు సొమ్మొడ్డు పెద్దలే దీనిని మఱచుచున్నారు.

ప్రతి సంవత్సరము ఏప్రిలు మాసమున ఇంగ్లండులోని ఎయిన్‌ట్రీ మైదానమున గ్రాండ్ నేషనల్ పందెమును, మే మాసపు మొదటి శనివారమున అమెరికాలోని లూయివిల్లు నగరమున కెంటకీ డర్బీయు, జూను మాసారంభమున ఎప్సం మైదానమున అసలు డర్బీయు, అక్టోబరు మొదటి ఆదివారమున పారిసు చెంత లాంగ్‌షాం మైదానమున ఆర్కు పందెమును, నవంబరు మొదటి మంగళవారమున ఆస్ట్రేలియాలో మెల్బోర్ను కప్పును జరుగును. పూర్వము గిండికో మలకుపేటకో పోయివచ్చినవారు మాత్రమే చెప్పుకొను పందెముల ముచ్చట నేడు చేతిలోని ఫోనుద్వారా పల్లెటూరి అరుగుమీదికి వచ్చినది. పేకాట యన్న ముఖము చిట్లించుకొను విద్యావంతుడు సైతము, గుఱ్ఱపు పందె మనగానే అది చదువుతో కూడిన పని యనియు, వంశచరిత్రలు, గడచిన పరుగులు, రౌతుల నేర్పు, నేల తడిపొడులు విచారించి తేల్చదగిన శాస్త్రమనియు వాదించును. ఈ వాదమును గూర్చియే మేము నేడు నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

వాదమున నిజము లేకపోలేదు. మదరాసు గుఱ్ఱపు పందెముల వివాదమున 1996వ సంవత్సరమున మన సుప్రీముకోర్టు, గుఱ్ఱపు పందెము ప్రధానముగా నేర్పుపై నాధారపడినదే గాని కేవలము అదృష్టముపై నాధారపడినది కాదని తీర్పు చెప్పినది. ఆ తీర్పును మేము ఆక్షేపింపము. గుఱ్ఱమును ఎంచుట నేర్పే. కాని కోర్టు చెప్పినది నేర్పు కలదని మాత్రమే. ఆ నేర్పు కలవానికి లాభము కలుగునని కాదు. గుఱ్ఱము నెఱుగుట యొకటి, పందెమున లాభపడుట మఱియొకటి. ఈ రెంటి నడుమ నున్న అగడ్తను చూడనివాడే అందులో పడుచున్నాడు.

మొదట నేర్పు సంగతియే విచారింతము. ఎప్సం డర్బీ 1780వ సంవత్సరమున ఆరంభమైనది. దానిలో మూడేండ్ల గుఱ్ఱములు మాత్రమే పరుగెత్తును. కావున ఏ గుఱ్ఱమునకైనను జీవితమున ఒక్కమాఱే ఆ యవకాశము. దూరము మైలున్నర. త్రోవ మొదట మిట్ట యెక్కి, పిదప టాటెన్‌హాం మలుపున పల్లమునకు దిగుచు ఎడమకు తిరుగును. చదునైన నేలమీద గాలివలె పోయిన గుఱ్ఱము ఆ పల్లమున కాలు నిలుపుకొనలేక తడబడుట కలదు. 1875 నుండి జరుగుచున్న కెంటకీ డర్బీ మైలుంబాతిక దూరము, మట్టినేల. ఇరువది గుఱ్ఱములవఱకు ఒక్కమాఱుగా ఎగబడును. వానిలో పెక్కింటికి అంత దూరము పరుగెత్తుట అదియే మొదటిసారి. 1861లో ఆరంభమైన మెల్బోర్ను కప్పు రెండు మైళ్ల హాండికాపు పందెము. అనగా బలమైన గుఱ్ఱమునకు ఎక్కువ బరువును, బలహీనమైనదానికి తక్కువ బరువును మోపి, అన్నింటిని ఒక్క వరుసకు తెచ్చుటకై ఒక నిపుణుడు బుద్ధిపూర్వకముగా పాటుపడు పందెము. గ్రాండ్ నేషనల్‌లో నాలుగు మైళ్లకు పైబడిన దూరమును ముప్పది ఆటంకములు దాటవలయును. ఒక్కొక్క పందెము గుఱ్ఱమును ఒక్కొక్క క్రొత్త ప్రశ్న యడుగును. పాత పరుగులు చదివినవానికి పాత ప్రశ్నల జవాబులు మాత్రమే తెలియును.

మెల్బోర్ను మైదానమున ఫార్‌లాప్ అను ప్రసిద్ధాశ్వమునకు జరిగిన దేమి? 1930లో అది అందఱి ఫేవరేటుగా దిగి గెలిచినది. మఱుసటి యేడు దానిపై 10 స్టోనుల 10 పౌనులు, అనగా సుమారు 68 కిలోల బరువు మోపిరి. గుఱ్ఱ మదియే, కీర్తి మునుపటికంటె నెక్కుడు, వచ్చిన స్థానము ఎనిమిదవది. అమెరికావారు తమ దేశపు మేటి గుఱ్ఱములలో నొకటిగా నెంచు మాన్ ఓ వార్ తన జీవితమున 21 పందెములు పరుగెత్తి 20 గెలిచినది. ఓడిన ఆ యొక్కటి 1919లో సారటోగా మైదానమున; ఓడించిన గుఱ్ఱము పేరు అప్‌సెట్, అనగా తలక్రిందు. 1967వ సంవత్సరపు గ్రాండ్ నేషనల్‌లో 23వ ఆటంకమువద్ద ముందున్న గుఱ్ఱములన్నియు ఒకదానిపై నొకటి పడి చిక్కుకొనగా, చాల వెనుకబడియున్న ఫోయినవాన్ అను గుఱ్ఱము సందుచూచుకొని దాటిపోయి గెలిచినది. దానిమీద ధర ఒకటికి నూఱు. ఆ ఆటంకమునకు నేటికిని ఆ గుఱ్ఱము పేరే. ఏ వంశవృక్షమును చదివినవాడు ఆ సంగతిని ముందుగా చెప్పగలిగియుండును?

సాధారణముగా జనులు ఎక్కువ సొమ్మొడ్డిన గుఱ్ఱము, అనగా ఫేవరేటు, సుమారు మూడు పందెములలో నొకటి గెలుచుచున్నది. కావున జనులు మూర్ఖులు కారు. వారికిని కొంత తెలియును. కాని ఆ ఒకటి యెప్పుడు వచ్చునో తెలియుటెట్లు? కెంటకీ డర్బీలో 1980 మొదలు 1999 వఱకు వరుసగా 20 సంవత్సరములు ఒక్క ఫేవరేటును గెలువలేదు. అది చూచి ఫేవరేటుపై ఒడ్డరాదని సూత్రము కట్టినవారు కలరు. పిదప 2013 మొదలు 2018 వఱకు వరుసగా ఆఱు సంవత్సరములు ఫేవరేట్లే గెలిచినవి. అది చూచి సూత్రమును తిరుగవ్రాసినవారును కలరు. 2022లో రిచ్ స్ట్రైక్ అను గుఱ్ఱము గెలిచినది. అది పందెమునకు ముందుదినమువఱకు బరిలోనే లేదు. వేఱొక గుఱ్ఱము తప్పుకొనుటచే దానికి చోటు దొరకినది. ధర ఒకటికి ఎనుబది.

ఇట్టి కథ విన్న పందెగానికి ఆశ పుట్టుట సహజము. ఒకటికి ఎనుబది! కాని అమెరికాలో గ్రిఫిత్ అను మనస్తత్త్వ పరిశోధకుడు పెక్కు పందెముల ఫలితములను పరిశీలించి 1949లో ప్రకటించిన దేమనగా, జనులు గెలుపు తక్కువగా నుండు గుఱ్ఱములపై వాని యోగ్యతకు మించి ఒడ్డుచున్నారనియు, ఫేవరేట్లపై యోగ్యతకు తక్కువగా ఒడ్డుచున్నారనియు. పెద్ద ధర చూపు గుఱ్ఱమే నిజమునకు మిక్కిలి ప్రియమైన సరుకు. పిదప పరిశోధకులు పెక్కు దేశముల పందెములలో ఇదే గుణమును కనిపెట్టిరి. కల యెంత పెద్దదో దాని వెల అంత హెచ్చు.

ఇక లెక్కల సంగతి. నేటి పందెములలో అనేకములు టోటు పద్ధతిని జరుగును. ఈ పద్ధతిని పారిసున జోసెఫ్ ఒలేర్ అను నతడు పందొమ్మిదవ శతాబ్దపు రెండవ సగమున కల్పించెను. అందఱి సొమ్మును ఒక కుండలో వేయుదురు. నిర్వాహకులు తమ భాగమును ముందుగా తీసికొందురు. మిగిలినది గెలిచినవారు పంచుకొందురు. కావున పందెగాడు పోరాడునది గుఱ్ఱముతో గాదు, క్లబ్బుతో గాదు. తనవలెనే టిప్పులు చదివి వచ్చిన ఇతర పందెగాండ్రతో. తనకు తెలిసినది వారికిని తెలిసియున్నయెడల, ఆ జ్ఞానము అప్పటికే ధరలో కలిసిపోయినది. సెక్రటేరియట్ అను గుఱ్ఱము 1973 జూను 9వ తేదిని బెల్మాంట్ పందెమును ముప్పదియొక్క గుఱ్ఱపు నిడివుల ముందు ముగించినది. మైలున్నరను 2 నిమిషముల 24 సెకనులలో పరుగెత్తినది. అంతటి గుఱ్ఱమును ఎన్నుకొన్నవానికి దక్కిన దేమి? రెండు డాలర్ల టిక్కెట్టుకు 2 డాలర్ల 20 సెంట్లు. గెలిచిన టిక్కెట్లలో 5,617 టిక్కెట్లను జనులు సొమ్ముచేసికొనక జ్ఞాపకార్థము దాచుకొనిరట. వారే తెలివైనవారు! పది యొడ్డి ఒకటి గెలుచు ధరవద్ద, పదునొకండు పందెములలో పది గెలిచినను చేతికి లాభము సున్న. ఎంత నిశ్చయమో అంత స్వల్పము. ఎంత లాభమో అంత సందేహము.

అంతతో పోదు. కుండలోనుండి ముందుగా తీయు భాగ మొకటి కలదు. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున ద్యూతాధ్యక్షుడు గెలిచిన సొమ్మునుండి నూటికి ఐదు తీసికొనవలయునని విధించెను. ప్రజలను పిండుటలో ఎట్టి మొగమాటమును లేనివాడని పేరుపొందిన ఆ చాణక్యుడే ఐదుతో తృప్తిపడెను. నేడు అమెరికా, హాంకాంగు మొదలగు చోట్ల టోటు కుండనుండి పందెపు రకమును బట్టి నూటికి 15 మొదలు 25 వఱకు తీయుచున్నారు. మన దేశమున 2023 అక్టోబరు 1వ తేదినుండి పందెపు మొత్తముపై వస్తుసేవల పన్ను నూటికి 28 చొప్పున నిర్ణయించిరి. 2025 సెప్టెంబరు 22వ తేదినుండి అది 40 అయినది. పన్ను వేసి జూదము నడచుట తగ్గింతమని ప్రభుత్వము చెప్పవచ్చును. కాని రాబడి రుచిమరగిన చేయి రోగమును మాన్పుటకు తొందరపడునా యని మాకు సందేహము.

ఈ భాగము చేయు పని యేమో ఒక చిన్న లెక్క చూపును. మార్గమున పన్నుల మాట యటుంచి, కుండనుండి నూటికి 20 తీయుచున్నారనుకొందము. నేర్పున ఇతరులకు సరిసమానుడైన పందెగాడు నూఱు రూపాయలతో దిగి, వచ్చినదంతయు మరల మరల ఒడ్డుచు పోయినయెడల, సరాసరిని మొదటి పందెము పిదప వానివద్ద 80 రూపాయలును, ఐదవ పందెము పిదప 33 రూపాయలకు లోపుగను, పదవ పందెము పిదప 11 రూపాయలకు లోపుగను మిగులును. గుఱ్ఱ మేదైనను సరే, రౌతెవడైనను సరే. అందఱికంటె నూటికి ఇరువదియైదు వంతులు తెలివి యెక్కువైనవాడు కూడ లాభము పొందడు. నష్టము లేక బయటపడుటకే అంత తెలివి కావలయును. ఇది ఋతుపర్ణుని విద్య. నలుడు పుష్కరునితో రెండవమాఱు ఆడి గెలిచెను గదా యని ఎవరైన అడుగవచ్చును. నిజమే, ఆ యిరువురి నడుమ నూటికి ఇరువది తీయు మూడవవాడు లేడు.

ఈ లెక్కను జయించినవారు ఎవరును లేరా? ఉన్నారు; దాచుట మా పద్ధతి గాదు. బిల్ బెంటర్ అను అమెరికను గణితజ్ఞుడు హాంకాంగు చేరి, గణనయంత్రముల సహాయముతో ప్రతి గుఱ్ఱమునుగూర్చి పెక్కు అంశములను ఏండ్లతరబడి లెక్కగట్టి, విశేషముగా ధనము గడించెను. కాని అతడు 1994లో తన పద్ధతినిగూర్చి ప్రకటించిన వ్యాసమున చెప్పినదానిని గమనింపుడు: తన యంత్రపు లెక్కలు ఒంటరిగా చాలవనియు, జనులు నిర్ణయించిన ధరలను గూడ కలుపుకొన్నప్పుడే ఫలితము దక్కెననియు. అనగా గుఱ్ఱమును మాత్రమే చూచినవాడు అతనియంతవాడైనను నిలువజాలడు. మఱియొక సంగతి: ఆ ధన మెక్కడిది? అదే కుండలోనిది. ఆదివారపు టిప్పు చదివి వంద రూపాయలు వేసిన గుమాస్తాయు, అప్పుతెచ్చి వేసిన రైతును ఆ కుండలో వేసినదే. గణనయంత్రములు దిగిన కొలనులో చిన్నచేప పాత్ర యేమో వేఱుగ చెప్పనక్కఱలేదు.

అభిమానమును నేర్పని భ్రమపడువారు కొందఱు. 2006లో జపానుదేశపు డీప్ ఇంపాక్ట్ అను గుఱ్ఱము పారిసు ఆర్కు పందెమునకు పోయినప్పుడు, వేలకొలది జపానీయులు దానివెంట లాంగ్‌షాం చేరి తమ గుఱ్ఱముపైననే ఒడ్డిరి. వారి ప్రేమ ధరను క్రుంగదీసినది గాని గుఱ్ఱపు కాలికి వేగము నీయలేదు. అది మూడవదిగా వచ్చి, పిదప నిషిద్ధౌషధము కనబడుటచే ఆ స్థానమునుగూడ పోగొట్టుకొన్నది. స్వదేశాభిమానము పూజ్యమైనది. దానిని టిక్కెట్టు కిటికీవద్ద తాకట్టు పెట్టుట వలదు.

మోసముల మాట కూడ విడువరాదు. మన భారతమున ఉచ్చైశ్శ్రవము తోకపై కద్రూవినతలు వేసికొన్నదియు గుఱ్ఱపు పందెమే. వినత నిజము చెప్పినది, గుఱ్ఱము తెల్లనిదే. కద్రువ తన కొడుకులైన పాములను తోకకు వ్రేలాడజేసి నల్లగా చూపినది. సత్యమెఱిగిన వినత దాసియైనది. 1844వ సంవత్సరపు ఎప్సం డర్బీలో రన్నింగ్ రెయిన్ పేర గెలిచినది మూడేండ్ల గుఱ్ఱము గాదు, పేరు మార్చిన నాలుగేండ్ల గుఱ్ఱమని విచారణలో తేలి, బహుమానము ఓర్లాండోకు చెందినది. 1984లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేనున ఫైన్ కాటన్ అను గుఱ్ఱపు పేర, రంగు మార్చిన వేఱొక గుఱ్ఱమును దింపిరి. 2021లో కెంటకీ డర్బీ గెలిచిన మెడీనా స్పిరిట్ దేహమున నిషిద్ధౌషధము కనబడగా 2022లో ఆ గెలుపును రద్దుచేసి రెండవదానికిచ్చిరి. అసలు విజేతపై ఒడ్డినవారికి మాత్రము ఒక్క సెంటును మరల రాలేదు. వినత సత్యమునకు నాడును నేడును ఇదియే గతి.

మన చట్టము సంగతి యింకొకటి. పందెపు ఒడంబడికలు చెల్లవని 1872వ సంవత్సరపు కంట్రాక్టు చట్టములోని 30వ సెక్షను చెప్పుచున్నది. విదేశపు పందెములకు చాటుమాటు బుక్కీవద్ద సొమ్ము కట్టినవాడు ఓడిన చెల్లింపక తప్పదు, గెలిచిన బుక్కీ మొగము చాటుచేసిన దావా వేయ వీలులేదు. రెండంచుల కత్తి యని పేరేగాని, రెండంచులును ఇతనివైపే.

ఇన్ని చెప్పి గుఱ్ఱములను చూడవలదని మేము చెప్పము. అశ్వహృదయమునకు తగిన స్థలము వేఱే కలదు. రాజపీప్లా మహారాజా పిల్లగుఱ్ఱముగా కొని పెంచిన విండ్సర్ లాడ్ 1934లో ఎప్సం డర్బీ గెలిచినది. బరోడా మహారాజా గుఱ్ఱము మై బాబు 1948లో ఇంగ్లండులోని రెండువేల గినీల పందెము గెలిచినది. గుఱ్ఱమును కనిపెట్టి, మేపి, నేర్పి, బరికి తెచ్చువాని విద్య నిజమైన విద్య. దానికి ఫలము పరుగులోనే కనబడును. కిటికీవద్ద టిక్కెట్టు కొనువాడు ఆ విద్యకు వారసుడనని తలచుటయే పొరపాటు.

మా కోరికలు రెండు. మొదటిది: ప్రతి పందెపు టిక్కెట్టుపై, కుండనుండి క్లబ్బు తీయునది యెంత, ప్రభుత్వము తీయునది యెంత అను అంకెలను పెద్దయక్షరములతో ముద్రింపవలయును. మందుసీసాపై విషమని వ్రాయించు ప్రభుత్వమునకు ఇది కష్టమైన పని గాదు. రెండవది: టిప్పులు ప్రకటించు పత్రికలును, అమ్ముకొను వ్యక్తులును తమ గతవత్సరపు టిప్పులన్నింటి ఫలితములను, గెలిచినవి మాత్రమే గాక ఓడినవానినిగూడ, వరుసగా ప్రకటింపవలయును. నిజముగా గెలుపు తెలిసినవాడు దానిని అయిదు రూపాయల కెందు కమ్మును? టోటులో తోడు చేరినకొలది ధర తగ్గును గదా! ఈ ప్రశ్న నడుగుటకు అశ్వశాస్త్రము నేర్వనక్కఱలేదు.

ఇక పాఠకులకు మా మనవి. పందెము చూచి యానందింపదలచినవాడు నాటకమునకు టిక్కెట్టు కొన్నట్లు, మరల రాదని తలచిన సొమ్మును మాత్రమే వెచ్చించును. అది వినోదపు ఖరీదు. పంటసొమ్మును, కూతురి పెండ్లికి దాచినదానిని, షావుకారువద్ద భూమిపై తెచ్చినదానిని నేర్పు పేర ఒడ్డువాడు నలుని మొదటి యాట నాడుచున్నాడు. నలుడు రాజ్యమంతయు ఒడ్డి, చివరకు పుష్కరుడు దమయంతిని ఒడ్డుమన్నప్పుడు లేచిపోయెను. అంతవఱకు కూర్చుండక, మొదటి పాచిక పడకమునుపే లేచుటకు మనకు లెక్క తెలిసియున్నది.